కువైట్ వదిలారు.. ఇల్లు చేరలేదు: దారి మధ్యలో చిక్కుకుంటే మనోళ్లు ఏం చేయాలి?

తిరుపతి: గల్ఫ్‌కు పోయేముందు ఒక మొక్కు, క్షేమంగా తిరిగొస్తే ఇంకో మొక్కు. అలిపిరి మెట్లెక్కే భక్తుల్లో ఇలాంటోళ్లు కొత్తేం కాదు. రాయచోటి, పీలేరు, మదనపల్లె, రైల్వేకోడూరు.. ఈ చుట్టుపక్కల కువైట్‌లో మనిషి లేని ఊరు తక్కువే. మరి అక్కడ యుద్ధం వచ్చి, ఉన్నపళంగా బయటపడాల్సి వస్తే? నేరుగా ఇంటికొచ్చే దారి లేక వేరే దేశంలో ఆగిపోతే? 1990లో అదే జరిగింది.

అసలేం జరిగింది?

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పుడక్కడ దాదాపు 1.7 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వారిలో అప్పటి కడప, చిత్తూరు జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఎయిర్‌పోర్టు మూతపడింది. ఫోన్లు తెగిపోయాయి. చాలామందికి మిగిలింది రోడ్డు దారే. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరాలి. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి 1,11,711 మందిని ముంబైకి చేర్చింది. ఇది గిన్నిస్ రికార్డు.

ఈ రికార్డు గురించి అందరికీ తెలుసు. కానీ విమానం ఎక్కేలోపు ఆ జనం ఏమేం తేల్చుకోవాల్సి వచ్చిందో పెద్దగా చర్చకు రాదు.

1. ఆగాలా? కదలాలా?

యజమాని దేశం వదిలి పోయాడు. జీతం బాకీ ఉంది. ఊళ్లో అప్పు అలాగే ఉంది. నాలుగు రోజులు ఆగితే డబ్బులొస్తాయేమో అన్న ఆశ. ఇంతలో ఇరాక్ కువైట్ దినార్‌ను తమ దినార్‌తో సమానం చేసేసింది. అంతకుముందు మార్కెట్లో దాని విలువ చాలా రెట్లు ఎక్కువ. ఆగేకొద్దీ దాచుకున్న సొమ్ము కరిగిపోయింది.

2. కాగితం ఎవరి దగ్గరుంది?

ఇళ్లలో పనిచేసే చాలామంది పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండేది. అది లేకుండా సరిహద్దు దాటాలంటే ఎంబసీ ఇచ్చే కాగితమే దిక్కు. అంటే ఎప్పుడు బయల్దేరాలన్నది మనిషి చేతిలో లేదు.

3. జోర్డాన్‌లో ఏం చేయాలి?

లక్షల మంది ఒకేసారి రావడంతో సరిహద్దు ఎడారిలో గుడారాల క్యాంపులు వెలిశాయి. నీళ్లకు, తిండికి కటకట. ఉన్న నాలుగు డబ్బులు ఇప్పుడే ఖర్చు పెట్టాలా, ఇంటికి మిగల్చాలా? వంటిమీద బంగారం అమ్మాలా? ముందు ఎవరు పోవాలి? ఏ వార్త నమ్మాలి? ఇంట్లోవాళ్లను అడుగుదామంటే ఫోన్ లేదు. ఇలాంటి చోట సొంత ఇష్టం కంటే చేతిలో ఉన్న డబ్బు, కాగితం, సమాచారమే నిర్ణయాన్ని తేల్చేస్తాయి.

4. తిరిగి పోవాలా?

1991 ఫిబ్రవరిలో యుద్ధం ముగిసింది. ఊళ్లో అప్పులు మాత్రం ముగియలేదు. అందుకే ఎంతోమంది మళ్లీ కువైట్ బాట పట్టారు.

కాగితం దాచుకుంటే ఏం లాభం?

నష్టపోయినవారి కోసం ఐక్యరాజ్యసమితి 1991లో పరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్, కువైట్ వదిలి వెళ్లాల్సి వచ్చినవారికి ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు. వేరే క్లెయిమ్ ఏదీ వేయనివారికి 4,000, 8,000 డాలర్లు. దరఖాస్తులు ప్రభుత్వాల ద్వారా వెళ్లాయి. ఎప్పుడు బయటికొచ్చామో చూపించే ఆధారం ఉండాలి. అంటే ఆ గందరగోళంలో భద్రంగా దాచుకున్న చిన్న కాగితం కూడా తర్వాత డబ్బయింది.

ఇప్పుడెందుకు ఇదంతా?

2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ ఘర్షణ ముదిరినప్పుడు 'ఆపరేషన్ సింధు' నడిచింది. ఇరాన్ నుంచి కొందరు విద్యార్థులు ఆర్మేనియా మీదుగా, ఇజ్రాయెల్ నుంచి కొందరు జోర్డాన్ మీదుగా ఇండియా చేరారు. 35 ఏళ్ల తర్వాత మళ్లీ అదే అమ్మాన్!

మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ఈ నాలుగూ ఇప్పుడే చేసి పెట్టండి:

• పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌లోనూ ఉండాలి.
• అక్కడి భారత ఎంబసీ నంబర్ కాగితం మీద కూడా రాసుకోవాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు.
• దారి ఖర్చుకు కొంత డబ్బు మనిషి దగ్గరే ఉండాలి. మొత్తం ఊరికి పంపేయొద్దు.
• "అప్పు సంగతి మేం చూసుకుంటాం, ప్రమాదమనిపిస్తే వచ్చెయ్" అని ఇంట్లోవాళ్లు ముందే చెప్పాలి.

నాలుగోది చాలామంది మర్చిపోతారు. ప్రమాదం ముంచుకొస్తున్నా ఇంకో నెల జీతం కోసం ఆగిపోవడానికి పెద్ద కారణం ఊళ్లో ఉన్న అప్పే. ఆ ఒక్క మాట ఈరోజు ఫోన్‌లోనే చెప్పేయండి.