పేగుల నుండి మెదడుకు

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో 'వణుకుడు పక్షవాతం'పై ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. ఆరుగురు రోగులను మాత్రమే ఆధారంగా చేసుకొని రాసిన ఆ గ్రంథంలో చేతుల వణుకుతోపాటు మలబద్ధకాన్ని కూడా పేర్కొన్నాడు. తరువాతి వైద్యుల దృష్టి వణుకుపైనే నిలిచింది. మలబద్ధకం సభలో ముచ్చటించదగిన విషయం కాదు గదా!

పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల మెదడులో, కదలికలకు అవసరమైన డోపమైన్‌ను తయారుచేసే నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. ఆ కణాలలో ఆల్ఫా-సైన్యూక్లిన్ అనే మాంసకృత్తు ముద్దకట్టి కనిపిస్తుంది. అటువంటి ముద్దలే పేగుల నాడులలోనూ బయటపడ్డాయి. పైగా అనేకులలో మలబద్ధకం వణుకు కంటే ఎన్నో ఏళ్ల ముందే ఆరంభమవుతుంది. వ్యాధి పేగులలో పుట్టి, వాటిని మెదడుతో కలిపే వేగస్ నాడి వెంట పైకి పాకుతుందేమోనని జర్మన్ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్ 2003లో ఊహించాడు. పూర్వం కడుపుపుండుకు చికిత్సగా ఈ నాడిని ఖండించేవారు. 2015లో డెన్మార్క్ పరిశోధకులు అటువంటివారి వివరాలను పరిశీలించగా, నాడిని కాండం వద్దనే పూర్తిగా ఖండించినవారిలో ఈ వ్యాధి కొంత అరుదుగా కనిపించింది. అయితే రోగులందరిలోనూ వ్యాధి పేగులలోనే మొదలవుతుందనడానికి వీలులేదు.

పేగులలోని బాక్టీరియా పాత్రను ఎలుకలు చూపాయి. ఆల్ఫా-సైన్యూక్లిన్ అధికంగా తయారయ్యే ఎలుకలను సూక్ష్మజీవులు లేకుండా పెంచగా, వ్యాధి లక్షణాలు స్వల్పంగానే కనిపించినట్లు కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించారు. రోగుల బాక్టీరియాను వాటి పేగులలోకి పంపగా కదలికలు తడబడ్డాయి. ఆరోగ్యవంతుల బాక్టీరియా అంతటి హాని చేయలేదు.

మందును సైతం ఈ జీవులు విడిచిపెట్టవు. రోగికి ఇచ్చే లీవోడోపా మెదడుకు చేరిన తరువాతనే డోపమైన్‌గా మారాలి. ఎంటెరోకోకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా దానిని పేగులలోనే మార్చివేయగలదని 2019లో తేలింది. అక్కడ తయారైన డోపమైన్ మెదడులోకి ప్రవేశించలేదు.