ఇంజను మౌంటింగులు, క్యాబిన్ కంపనం

ఇంజను మౌంటింగు అనగా వాహనపు ఇంజనును ఛాసిస్‌కు కలిపి ఉంచే ఆధారం. సాధారణంగా ఇది రెండు ఇనుప పలకల మధ్య అతికించిన రబ్బరు దిమ్మె రూపంలో ఉంటుంది. దీనిని మౌంటింగు రబ్బరు అని కూడా అంటారు. ఇంజను బరువును మోయడం, దాని కదలికను అదుపులో ఉంచడం, దాని కంపనాలు క్యాబిన్‌లోకి చేరకుండా అడ్డుకోవడం దీని పనులు. పాత ట్రక్కులలో పాడైపోయిన మౌంటింగుల స్థానంలో, వాహన తయారీదారు కాక ఇతర సంస్థలు చేసిన ప్రత్యామ్నాయ మౌంటింగులను బిగించినపుడు స్టీరింగు, సీటు, అద్దాలు మునుపటికంటె ఎక్కువగా అదరడం తరచు ఎదురయ్యే సమస్య. కొత్త భాగంలో లోపమేమీ లేకపోయినా ఇలా జరుగవచ్చును. దీనికి ముఖ్యకారణం మౌంటింగు గట్టిదనం.

చరిత్ర

తొలినాటి మోటారు వాహనాలలో ఎక్కువగా ఇంజనును నేరుగా ఛాసిస్‌కు బోల్టులతో బిగించేవారు. 1931లో అమెరికాకు చెందిన క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ కార్లలో "ఫ్లోటింగ్ పవర్" అనే పేరుతో రబ్బరు మౌంటింగుల అమరికను ప్రవేశపెట్టినది. 1932లో ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ సంస్థ ఈ పద్ధతిని స్వీకరించినది.

రబ్బరు మౌంటింగుకు ఒక బలహీనత ఉన్నది. రబ్బరుకు, లోహానికి మధ్య అతుకు ఊడిపోతే ఇంజనుకు పట్టు తప్పుతుంది. 1971లో జనరల్ మోటార్స్ సంస్థ ఈ కారణంగానే 1965 - 1969 మధ్య తయారైన సుమారు 67 లక్షల వాహనాలను వెనుకకు పిలిపించినది. వీటిలో అధికభాగం షెవ్రోలే కార్లు. మౌంటింగు తెగినపుడు ఇంజను పైకి లేచి, యాక్సిలరేటరు లింకును లాగి, వాహనం దానంతటదే వేగం పుంజుకొనే ప్రమాదం ఉండేది. ఇంజను ఒక హద్దును మించి లేవకుండా ఉక్కు కేబులును అమర్చడం ఆ సంస్థ ఎంచుకున్న పరిష్కారం.

కంపనాలకు మూలం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి ఇంధనాన్ని మండిస్తుంది. కావున నిమిషానికి తిరిగే చుట్లను 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో హెచ్చిస్తే ఇంజను ఇచ్చే ముఖ్య కుదుపుల పౌనఃపున్యం వస్తుంది. ఐడ్లింగ్ వేగంలో ఈ విలువలు ఇలా ఉంటాయి.

* 4 సిలిండర్లు, నిమిషానికి 750 చుట్లు: 25 హెర్ట్జ్
* 6 సిలిండర్లు, నిమిషానికి 700 చుట్లు: 35 హెర్ట్జ్
* 8 సిలిండర్లు, నిమిషానికి 600 చుట్లు: 40 హెర్ట్జ్

వీటిలో నాలుగు సిలిండర్ల ఇంజను కుదుపులను అడ్డుకోవడం అన్నిటికంటె కష్టం. దీని పౌనఃపున్యం తక్కువ. పైగా వరుసగా అమర్చిన నాలుగు పిస్టనుల కదలిక వలన ప్రతి చుట్టుకు రెండుసార్లు పైకి, కిందికి తోసే బలం మిగిలిపోతుంది. 1981 - 1995 మధ్యకాలపు టయోటా పికప్ ట్రక్కులలో వాడిన 22ఆర్ శ్రేణి ఇంజను (2,366 ఘన సెంటీమీటర్లు) ఇటువంటిదే.

గట్టి మౌంటింగుతో వచ్చే చిక్కు

స్ప్రింగుపై ఉంచిన ఏ బరువుకైనా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. మౌంటింగులపై ఉన్న ఇంజనుకు కూడా అది వర్తిస్తుంది. కుదుపుల పౌనఃపున్యం ఈ సహజ పౌనఃపున్యానికి సుమారు 1.41 రెట్లు దాటినపుడే మౌంటింగు కంపనాన్ని తగ్గిస్తుంది. రెండూ దగ్గరైతే అనునాదం ఏర్పడి కంపనం పెరుగుతుంది.

నిమిషానికి 750 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనును ఉదాహరణగా తీసుకొందాము. మౌంటింగులపై దాని సహజ పౌనఃపున్యం 10 హెర్ట్జ్ అనుకుంటే, అవమందనాన్ని లెక్కించకపోతే, 25 హెర్ట్జ్ కుదుపులలో 19 శాతం మాత్రమే ఛాసిస్‌కు చేరుతుంది. మౌంటింగు గట్టిదనం రెట్టింపైతే అది 47 శాతమవుతుంది. నాలుగు రెట్లయితే సహజ పౌనఃపున్యం 20 హెర్ట్జ్‌కు చేరి, ఛాసిస్‌పై పడే బలం 178 శాతమవుతుంది. అనగా ఆ మౌంటింగు కంపనాన్ని ఆపకపోగా పెంచుతుంది.

పాలీయురేథేన్‌తో చేసిన ప్రత్యామ్నాయ మౌంటింగులు ఇంజను నూనె తగిలినా త్వరగా పాడుకావు, ఇంజనును గట్టిగా పట్టి ఉంచుతాయి. కాని ఇవి సాధారణంగా రబ్బరుకంటె గట్టివి. ఈ గట్టిదనాన్ని షోర్ ఎ కొలమానంలో తెలుపుతారు. అంకె పెరిగేకొద్దీ పదార్థం గట్టిది. అయితే దిమ్మె మందం, ఆకారం కూడా ఫలితాన్ని మారుస్తాయి కనుక ఈ అంకెను ఒకే ఆకారం గల మౌంటింగులను పోల్చడానికి మాత్రమే వాడాలి.

కొన్ని వాహనాలకు ద్రవం నింపిన హైడ్రాలిక్ మౌంటింగులు ఉంటాయి. వాటి స్థానంలో సాదా రబ్బరు మౌంటింగును బిగించినా కంపనం పెరుగవచ్చును.

కారణాన్ని గుర్తించడం

మౌంటింగును మార్చే ముందు కంపనం ఎక్కడినుండి వస్తున్నదో తెలుసుకోవాలి. ట్రక్కు నిలిచి ఉన్నపుడు, ఐడ్లింగ్‌లో అదిరితే మూలం ఇంజను వైపు ఉన్నది. కదులుతున్నపుడు మాత్రమే అదిరి, గేరు న్యూట్రల్‌లో వేసిన తరువాత కూడా కొనసాగితే చక్రాలను, ప్రొపెల్లర్ షాఫ్టును పరిశీలించాలి. కొత్త మౌంటింగు ఎత్తు వేరైతే షాఫ్టు కీళ్ళ కోణం మారి కూడా ఇలా జరుగుతుంది.

ఒక సిలిండరు మిస్ కొడుతుంటే రెండు చుట్లకు ఒకసారి కుదుపు వస్తుంది. 750 చుట్ల వేగంలో ఇది 6.25 హెర్ట్జ్. ఇంత తక్కువ పౌనఃపున్యాన్ని పైన చెప్పిన 10 హెర్ట్జ్ మౌంటింగులు కూడా అడ్డుకోలేవు. అంతేగాక కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనాలను అత్యధికంగా గ్రహించేది 4 - 8 హెర్ట్జ్ మధ్యనే. అందువలన స్పార్కు ప్లగ్గులు, ఇంధన సరఫరా, కంప్రెషను సరిచూడకుండా మౌంటింగులపై ఖర్చు పెట్టడం వృథా.

తగ్గించే పద్ధతులు

* ఐడ్లింగ్ వేగం: తయారీదారు సూచించిన విలువకంటె తక్కువగా ఉంటే సరిచేయాలి. పై ఉదాహరణలో వేగం 750 నుండి 850కి పెరిగితే ఛాసిస్‌కు చేరే బలం 178 నుండి 99 శాతానికి తగ్గుతుంది. అయితే ఇది గట్టి మౌంటింగుకు శాశ్వత పరిష్కారం కాదు.
* బిగింపు: ఒక మౌంటింగు మెలిపడి ఉంటే దాని రబ్బరు ముందే నొక్కుకొనిపోయి గట్టిపడుతుంది. బోల్టులన్నిటిని వదులుగా ఎక్కించి, ఇంజను తన స్థానంలో కుదురుకున్న తరువాత, సూచించిన టార్కుకు బిగించాలి. గేర్‌బాక్సు కింది మౌంటింగును కూడా ఇదే వరుసలో చూడాలి.
* తగులుడు: సైలెన్సరు గొట్టం, ఫ్యాను తొడుగు, బిగుతైన హోసు లేదా ఎర్తు తీగ ఛాసిస్‌కు, ఇంజనుకు మధ్య వంతెనవలె పనిచేస్తే మెత్తని మౌంటింగు ఉన్నా ప్రయోజనం ఉండదు.
* క్యాబిన్ రబ్బర్లు: పాత ట్రక్కులలో క్యాబిన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఉండే రబ్బర్లు గట్టిపడి పగిలి ఉంటాయి. వీటిని మార్చడం వలన రోడ్డు అదురు కూడా తగ్గుతుంది.
* మౌంటింగు ఎంపిక: రోజువారీ ప్రయాణానికి, సరుకు రవాణాకు తయారీదారు ఇచ్చిన గట్టిదనంతో సమానమైన రబ్బరు మౌంటింగు తగినది. ఇంజను ఎక్కువగా ఎగురుతుంటే మెత్తని మౌంటింగునే ఉంచి, దాని కదలికకు హద్దుగా విడిగా గొలుసు లేదా కేబులు అమర్చవచ్చును. మామూలు వేళల్లో అది వదులుగా ఉండాలి. 1971లో షెవ్రోలే వాహనాలకు చేసినది ఇదే. కంపనాన్ని ఆపే పని మెత్తని రబ్బరుకు, ఇంజనును ఆపే పని కేబులుకు వేరువేరుగా అప్పగించడం ఇందులోని సూత్రం.

జాగ్రత్తలు

మౌంటింగు విప్పినపుడు ఇంజను బరువు పూర్తిగా జాకీపై గాని, హాయిస్టుపై గాని ఉంటుంది. జాకీకి, ఆయిల్ పాన్‌కు మధ్య దళసరి చెక్క ఉంచకపోతే పాన్ నొక్కుకుపోతుంది. ఇంజనుకు, ఛాసిస్‌కు మధ్య చేతులు పెట్టరాదు. అదురు లేదన్న కారణంతో తెగిన మౌంటింగును అలాగే వదిలివేయడం ప్రమాదకరం. తెగిన మౌంటింగు ఐడ్లింగ్‌లో నిశ్శబ్దంగానే ఉండవచ్చును, యాక్సిలరేటరును గట్టిగా తొక్కినపుడు ఇంజను పైకి లేవడంతో బయటపడుతుంది.

ఇవి కూడా చూడండి

* అనునాదం
* పౌనఃపున్యం
* అంతర్దహన యంత్రం