మందు చల్లు పంపును ఎన్నుకొనుట

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి కురిసిన పిదప ఇచ్చోడ బజారులోని విత్తనముల, మందుల దుకాణముల ముందర రంగురంగుల పంపులు వరుస తీరును. కొనవచ్చిన రైతు ముందు ధర అడుగును, తరువాత డబ్బా ఎన్ని లీటర్లని అడుగును. ఆ రెండును అడుగవలసినవే. అయితే పంపు నాలుగు పంటలపాటు నిలుచునా, లేదా అనునది డబ్బా మెరుపును బట్టి తేలదు. దాని కీళ్లయందు దాగియున్న కొన్ని చిన్న వస్తువులను బట్టి తేలును. ఈ ప్రసంగమున మేము వానిని గూర్చియే చెప్పదలచినాము.

వీపున మోయు చేతి పంపు పనిచేయు తీరు సులభమైనదే. మీటను ఆడించునపుడు లోపలి పిస్టను మందునీటిని ఒక చిన్న అరలోనికి నెట్టును. ఆ అరలో కొంత గాలి చిక్కియుండును. నీరు చేరినకొలది ఆ గాలి అణగి, స్ప్రింగు వలె నీటిని మరల త్రోయుచుండును. మీట ఒక ఊపునకును మరియొక ఊపునకును నడుమ జల్లు తెగకుండుటకు కారణమిదే. పిస్టనుకు తొడిగిన వాషరు అరిగినచో ఒత్తిడి తగ్గును, చేయి నొచ్చును, జల్లు ధారగా మారును. అరుగుట వాషరు స్వభావము. దానిని తప్పుపట్టి లాభము లేదు. అది అరిగిననాడు దగ్గర ఊరిలో మరియొకటి దొరకునా అనునదే ప్రశ్న. అందుచే దుకాణదారుని, "ముందు వాషరును, నాజిలును చూపండి, తరువాత పంపు చూపండి" అని అడుగుడని మా సలహా. విడిభాగములు దొరకని పంపు ఎంత చౌకయైనను చౌక కాదు. భారత ప్రమాణముల సంస్థ చేతి పంపులకు ఐ.ఎస్. 3906 అను ప్రమాణమును ఏర్పరచినది. ఆ సంఖ్యయు, ఐ.ఎస్.ఐ. ముద్రయు ఉన్నవేమో చూచుట మంచిది.

డబ్బు చెల్లించుటకు ముందు పంపులో మంచినీరు నిండుగ పోయించి, మూత బిగించి, వీపున వేసికొని నడుము వంచి చూడవలెను. మొగమాటపడవద్దు. మూత అంచునుండి ఒక్క చుక్క జారినను ఆ పంపు వద్దు. మీటను ఆడించి, చేతి గొట్టపు కుళాయిని కట్టివేసినపుడు నాజిలునుండి కారుచున్నదేమో చూడవలెను. పట్టీలు వెడల్పుగా ఉండవలెను. ఏలయన 16 లీటర్ల నీటి బరువే 16 కిలోలు, దానికి పంపు బరువు అదనము.

మూత విషయమున ఇంత పట్టుదల ఎందుకనగా, కారెడి మందు పడునది మన వీపుమీదనే. తడిసిన చొక్కా గంటలకొలది ఒంటికి అంటియుండగా విషము చర్మముగుండ లోనికి ఇంకును. పెన్‌గంగకు ఆవల, మన పొరుగునే ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017 వానకాలమున పత్తికి మందు చల్లుచు దాదాపు 20 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. కారణములు పెక్కు చెప్పబడినవి. చేను మనిషి ఎత్తు పెరిగినది. మందులు ఒకదానితో నొకటి కలిపిరి. ఒంటికి రక్షణ లేదు. కొన్ని పంపుల జల్లు మిక్కిలి సన్నమై గాలిలో తేలి ముఖమునకే వచ్చినది. నేలయు, పంటయు మనకును వారికిని ఒక్కటే. కనుక మంచి పంపు కొన్నవాడు సయితము గాలికి ఎదురుగా నడువరాదు. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముక్కునకు, నోటికి కట్టు మానరాదు.

పెట్రోలుతో నడచు తైవాన్ పంపు పెద్ద కమతములకు తగును. బరువును, మోతయు ఎక్కువ. బ్యాటరీ పంపు చేతికి శ్రమ తప్పించును. అయితే సీసపు బ్యాటరీని పంట ముగిసిన పిదప అటకపై పడవేసి మరల జూన్‌లో దింపినచో అది సాధారణముగ చచ్చియుండును. పని లేని నెలలలో కూడ నెలకొకసారి చార్జి చేయవలెను. పెరటిలోని వంగ, బెండ, మిరప మొక్కలకు రెండు లీటర్ల గాలి పంపు చాలును.

నాజిలు పంపులో మిక్కిలి చిన్నది, మిక్కిలి అలక్ష్యమునకు గురియగునది. పురుగుమందునకు బోలు శంఖము వలె జల్లు కురియు నాజిలు, కలుపుమందునకు విసనకర్ర వలె పరచు నాజిలు కావలెను. ఇత్తడి నాజిలు కన్న స్టీలుది, దానికన్న పింగాణీది ఎక్కువ కాలము నిలుచును. కొత్త నాజిలునుండి నిమిషమునకు ఎంత నీరు వచ్చునో సీసాతో కొలిచి వ్రాసి ఉంచుకొనుడు. అది పదవవంతు పెరిగిననాడు రంధ్రము అరిగినదని అర్థము, వెంటనే మార్చవలెను. లేనియెడల మందు తెలియకుండనే వృథాయగును. పూడుకొన్న నాజిలును నోటితో ఊదరాదు. సూదితో పొడుచుటయు తప్పే, రంధ్రము పెద్దదగును. పాత పండ్లబ్రష్షు చాలును.

ఇక పత్తి రైతు మరువరాని మాట యొకటి. జొన్నచేనిలోనో, మొక్కజొన్నలోనో 2,4-డి అను కలుపుమందు చల్లిన పంపును పైపైన కడిగి పత్తికి వాడినచో, మిగిలిన ఆ కొద్దిపాటి మందే చేనును చెరచును. ఆకులు సన్నగా చీలి బెండాకులవలె మారును, మొక్క ఎదుగుదల నిలుచును. నేరము పురుగుమందుమీదనో, విత్తనముమీదనో పడును. కలుపుమందునకు వేరొక పంపు ఉంచి, దానిపై ఎర్రరంగుతో గుర్తు వేయుట దీనికి ఉపాయము. రెండవ పంపు కొనుట భారమే, కాని ఎకరము పత్తి పోవుటకన్న తక్కువ భారము.

పని ముగిసిన ప్రతిదినము పంపును మూడుమారులు నీటితో కడిగి, ఆ నీటిని గొట్టముగుండ కూడ పోనిచ్చి, బావికి, వాగునకు దూరముగ చేనిలోనే పారబోయవలెను. పిదప మూత తీసి, తలక్రిందులుగ నీడలో వ్రేలాడదీయవలెను. గింజలున్న గదిలో కాదు. పిల్లల చేతికి అందు చోటను కాదు.