కారు కింద తుప్పు, కాళ్ళ కింద ముప్పు

పెళ్ళికొడుకును తీసుకురావాలన్నా, రోగిని కాకినాడ పెద్దాస్పత్రికి చేర్చాలన్నా, అన్నవరంలో సత్యనారాయణ వ్రతానికి ఇంటిల్లపాదీ బయలుదేరాలన్నా, గోదావరి జిల్లాలలో ఒక తరంపాటు గుమ్మం ముందుకు వచ్చి నిలిచింది అంబాసిడర్ కారే. ముందు ముగ్గురు, వెనక నలుగురు, వారి ఒళ్ళో పిల్లలు, డిక్కీలో పనసకాయా కొబ్బరికాయల బస్తా! ఇంత బరువు మోసినా కిమ్మనని వాహనం అది. 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014 మే నెలలో కలకత్తా పక్కనున్న ఉత్తరపారా కర్మాగారంలో ఆగిపోయింది. తయారీ ఆగినంత మాత్రాన మమకారం ఆగుతుందా? తాతగారి జ్ఞాపకమని ఒకరు, నాన్నగారు ముచ్చటపడి కొన్నదని మరొకరు, పెరటి షెడ్డులో దాన్ని అలాగే వుంచుకున్నారు. ఎప్పుడో ఒకనాడు దుమ్ము దులిపి, రంగు వేయించి, మళ్ళీ రోడ్డెక్కించాలని వారి ఆశ.

ఆశ మంచిదే. కాని పాత కారును బాగుచేయించబోయేవారు మొదట చూసేది ఇంజను, తరువాత రంగు, ఆ తరువాత సీట్ల గుడ్డ. ఎవరూ చూడనిది ఒకటి వుంది. అది పాదాల కింద, రబ్బరు చాప కింద దాగి వున్న ఇనపరేకు నేల. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు అన్న మాట పాత కార్లకు సరిగ్గా అతుకుతుంది. పైన అద్దంలా మెరిసే రంగు. కింద వేలితో నొక్కితే పొడిపొడిగా రాలే తుప్పు!

నేల ఎంత ముఖ్యం?

"నేల రేకు చిల్లుపడితే ఏమయింది? వానకాలంలో నాలుగు చుక్కలు పైకి చిందుతాయి, అంతేగదా!" అనుకునేవారు లేకపోలేదు. జీపు విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. జీపుకు కింద నిచ్చెనలాంటి బలమైన ఛాసిస్ వుంటుంది. ఇంజను, చక్రాలు, పైనున్న బాడీ అన్నీ ఆ నిచ్చెన మీద ఆధారపడి వుంటాయి. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు కూడా అటువంటి విడి ఛాసిస్ వుండేది.

అంబాసిడర్ కట్టుబడి వేరు. బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మినిదీ ఇదే పద్ధతి. వీటికి విడిగా ఛాసిస్ అంటూ లేదు. నేల రేకు, తలుపుల కింద గడపల్లా పొడుగునా వుండే పెట్టెదూలాలు, సీట్ల కింద అడ్డదూలాలు, పక్క స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన ఒకే గూడు అది. బరువు అంతా ఆ గూడే మోయాలి. అంబాసిడర్ ముందు చక్రాల ఊపును ఆపే టార్షన్ బార్ల వెనక కొసలు నేల కిందనున్న అడ్డదూలానికే బిగించి వుంటాయి. వెనక చక్రాల స్ప్రింగు పట్టీలు వెనక నేల కింది దూలాలకు తగులుకొని వుంటాయి. సీట్లు నేలకే బిగిస్తారు. బెల్టులు వుంటే వాటి పట్టు కూడా ఆ దాపునే వుంటుంది.

ఇంటి దూలానికి చెదపడితే సున్నం కొట్టి వూరుకుంటామా? ఇదీ అంతే. గడప దూలాలు తుప్పుతిన్న కారు నడుమ నుంచి కుంగుతుంది. అడ్డదూలం వూడితే ముందు చక్రం అదుపు తప్పుతుంది. గుద్దుకున్నప్పుడు సీటు నేలతో సహా లేచి వస్తుంది. ఆ సీటు మీద కూర్చునేది మన పిల్లలే.

వంతెన చెప్పే పాఠం

గోదావరి గాలికి, నీటికి ఇనుము ఆగదని కొందరంటారు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెనను చూడండి. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపించారు. రాతిస్తంభాల మీద 56 ఖానాల ఇనపదూలాలతో నిలిచిన ఆ వంతెన, నది నడిమధ్య ఎండకూ వానకూ వరదకూ ఓర్చి, 1997 వరకు రైళ్ళను మోసింది. మరి అదే నది ఒడ్డున షెడ్డులో నీడపట్టున వున్న కారు ఇరవై ముప్పై ఏళ్ళకే ఎందుకు తుప్పుపట్టి పోతోంది?

కారణాలు రెండు. వంతెన ఇనుము దళసరి. కారు రేకు మిల్లీమీటరు మందం వుంటే గొప్ప. ఇది మొదటిది. రెండవది ఇంకా ముఖ్యం. వంతెన ఇనుము గాలికి బయటపడి వుంటుంది. తడిసినా ఆరుతుంది. తుప్పు మొదలైతే కంటికి కనబడుతుంది. గీకి రంగు వేస్తారు. కారులో ఇనుము పెట్టె లోపల దాగి వుంటుంది. అక్కడ చేరిన తడి ఆరదు, కనబడదు, దానికి రంగు పూసేవారూ వుండరు. ఇనుమును తినేది తడి అనుకుంటాం గాని, అసలు తినేది దాగిన తడి.

డెల్టాలో ఆ దాగిన తడికి కొదువలేదు. అద్దాల చుట్టూ వున్న రబ్బరు బీడింగు ఎండి పగిలితే వాననీరు లోపలికి జారి, చాప కింద పరచిన జనపనార గుడ్డలో ఇంకిపోతుంది. పైచాప పొడిగానే వుంటుంది. కింద గుడ్డ నెలల తరబడి నానుతూనే వుంటుంది. వంతెనలు లేని రోజుల్లో కోనసీమ రేవులలో కార్లు పంటు ఎక్కి పాయలు దాటేవి. కాకినాడ నుంచి ఉప్పాడ పోయే దారిలో సముద్రం పోటు మీద వుంటే ఉప్పుతుంపర కారు పొట్టను తడుపుతుంది. ఉప్పు తగిలిన తడి, వట్టి తడికంటె ఎంతో వేగంగా ఇనుమును తింటుంది. ఇక వరదల మాట సరేసరి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను పెద్దలు ఇంకా మరచిపోలేదు. వరదలో మునిగిన కారును పైపైన కడిగితే చాలదు. గడప దూలాల లోపల ఒండ్రు గట్టిగా పేరుకుపోయి, నీరు కారవలసిన చిల్లులను మూసేస్తుంది. పొలానికి మేలుచేసే ఆ ఒండ్రే కారుకు శత్రువు.

పరీక్ష ఇలా

కారును బాగుచేయించేముందు సీట్లు, చాపలు, కింది గుడ్డ పూర్తిగా తీయించండి. చిన్న సుత్తితో నేలను అడుగడుగునా తట్టించండి. మంచి రేకు కంగుమంటుంది; తుప్పుతిన్న రేకు మట్టికుండ పగిలినట్టు బొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే నిజం తేలుతుంది. డ్రైవరు మడమ ఆనే చోటు, తలుపుల కింది గడప, జాకీ పెట్టే తావు, అడ్డదూలం చివరలు, డిక్కీ మూలలు తప్పక చూడవలసినవి. ఇంకొక గుర్తు: జాకీ మీద ఎత్తినప్పుడు తలుపు సరిగా పడకపోతే, గూడు వంగుతోందని అర్థం.

రేకు మీద ఎక్కడైనా రంగు బొబ్బలెక్కి వుంటే, బొబ్బ వున్నంత మేరే తుప్పు అనుకోవద్దు. ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అతుకుల మధ్య చేరి, రెండు రేకులనూ బలవంతంగా విడదీస్తుంది. బొబ్బ కనబడే సరికి లోపలి పని చాలావరకు అయిపోయే వుంటుంది.

కోయక తప్పదు

ఇక్కడే యజమాని మనసు గట్టిచేసుకోవాలి. తుప్పు మీద కొత్తరేకు పరచి, నాలుగు అంచులా అతికి, పైన తారు పూసేస్తే పని ఒక్కరోజులో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. ఫైబర్ గ్లాసు గుడ్డ అంటించి, లప్పం పెట్టి నున్నగా రుద్దేవారూ వున్నారు. ఇవన్నీ కంటికి చేసే వైద్యాలు. పాతరేకుకూ కొత్తరేకుకూ మధ్య తడి మళ్ళీ చేరి, ఈసారి రెండింటినీ తింటుంది. పుచ్చిన పన్ను మీద బంగారు తొడుగు వేసినట్టే.

సరైన పద్ధతి ఒకటే. మంచి ఇనుము తగిలేదాకా తుప్పురేకును కోసి పారవేసి, అంత మేరకే కొత్తరేకును మలచి అతకాలి. దానికి వరస వుంది.

మొదట బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు పూర్తిగా దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే గదా అని వుంచితే అంతకన్న ప్రమాదం లేదు. నిండు ట్యాంకుకంటె ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే త్వరగా పేలుతుంది.

తరువాత కారును చదునైన నేల మీద స్టాండ్లపై సమంగా నిలపాలి. తలుపుల ఖాళీలకు అడ్డంగా ఇనపగొట్టాలో యాంగిల్ ముక్కలో తాత్కాలికంగా అతకాలి. ఇల్లు పడకుండా దూలం మార్చేటప్పుడు పోటీకర్రలు పెట్టమూ, అలాగే. పోటీలు లేకుండా గడప దూలాన్ని కోస్తే గూడు కుంగిపోతుంది. కుంగినదాన్ని అలాగే అతికితే ఇక ఏ తలుపూ పడదు. మూలనుంచి మూలకు రెండు వైపులా కొలతలు తీసి గోడ మీద రాసిపెట్టుకునే మేస్త్రీ తెలివైనవాడు. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క కోయనివాడు మరింత తెలివైనవాడు.

కొత్త నేలకు 18 లేదా 20 గేజి రేకు, అంటే 1.2 లేక 0.9 మిల్లీమీటర్ల మందంగలది వాడతారు. దూలాలకు ఇంకా దళసరిది కావాలి. పాత నేలలో పొడుగునా కనబడే గాళ్ళు అందానికి పెట్టినవి కావు. చదును రేకు అట్టలా వణుకుతుంది. గాడి తీసిన రేకు బిగిసి నిలుస్తుంది. అందుచేత కొత్తరేకులోనూ ఆ గాళ్ళు వుండితీరాలి. దిమ్మ మీద పెట్టి సుత్తితో వాటిని మలచగల టింకరింగ్ మేస్త్రీ చేతిలోనే పని అందమంతా వుంది. తుప్పు పట్టదు గదా అని జింకు పూత రేకు తెస్తే, అతికే అంచుల దగ్గర ఆ పూతను గీకి తీసివేయాలి. కాలిన జింకు పొగ పీలిస్తే మనిషికి చలిజ్వరం వస్తుంది.

అతకడంలో మెలకువ

పాత రోజుల్లో అంతా గ్యాస్ వెల్డింగే. ఆ మంటకు పల్చని రేకు వేడెక్కి అప్పడంలా వంకరలు తిరుగుతుంది. ఇప్పుడు షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అనే యంత్రం వచ్చింది. వేడి తక్కువ, పట్టు ఎక్కువ. అయినా ఒక చివరనుంచి మరో చివరకు ఏకధాటిగా గీసుకుపోకూడదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి. చీరంచు కుట్టేముందు పొడుగు టాకాలు వేసుకుంటారే, ఆ పద్ధతి.

అతుకు చల్లారి, నునుపు చేశాక, రెడాక్సైడో జింకు ప్రైమరో వేసి, అతుకుల సందులను మూసే సీలరు పూసి, అప్పుడు అడుగు పూత వేయాలి. పెట్టెదూలాల లోపలికి గొట్టం దూర్చి మైనం కలిసిన నూనె చిమ్మించాలి. నీరు కారే చిల్లులను తప్పక తెరిచి వుంచాలి. తుప్పు మీదనే తారు పూయడం మాత్రం గాయం కడగకుండా కట్టు కట్టడం వంటిది.

డబ్బు, కాగితాలు

రంగు వేసేముందే, నేల కోసి వున్నప్పుడే యజమాని షెడ్డుకు వెళ్ళి చూడాలి. పని ఒప్పందం చాపలు తీసి పరీక్ష చేసిన తరువాతనే మాట్లాడుకోవాలి. ముందు చెప్పిన లెక్క మేస్త్రీకీ మనకూ కూడా చిక్కే. దశదశకూ ఫోటోలు తీయించుకుంటే రేపు అమ్మినా, కొడుకుకు ఇచ్చినా విలువ నిలుస్తుంది. నంబరు చెక్కివున్న రేకును ఎట్టి పరిస్థితిలోనూ కోయనివ్వకండి. రిజిస్ట్రేషను కాగితంలోని నంబరు బండి మీద లేకపోతే ఎంత మంచి కారైనా కొరగాదు.

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు నిండాక ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. బండి రోడ్డుకు తగివుందో లేదో అప్పుడు పరీక్షిస్తారు. 50 ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే వున్న కార్లకు 2021 జులైలో వచ్చిన నిబంధనలు వింటేజి వాహనమనే ప్రత్యేక హోదా కల్పించాయి. అయితే ఆ హోదా పొందిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప మామూలుగా తిప్పడానికి వీలులేదు. ఏది కావాలో ముందే ఆలోచించుకోవడం మేలు.

ఒక్కొక్కప్పుడు, పరీక్ష చేశాక, నేలతోపాటు స్తంభాలు, దూలాలు అన్నీ పోయినట్టు తేలుతుంది. అప్పుడు నిజం చెప్పే మేస్త్రీ మీద కోపగించవద్దు. ఆ కారును నీడలో నిలిపి వుంచుకుంటే జ్ఞాపకం పదిలంగానే వుంటుంది. రంగు పూసి రోడ్డెక్కిస్తే మాత్రం ప్రాణాలతో చెలగాటం. బాగుపడే కారును మాత్రం బాగా చేయించండి. ఆపైన ఏటా రెండుసార్లు, వానలకు ముందొకసారి, వానల తరువాత ఒకసారి, ఒక ఆదివారం చాపలు తీసి ఎండలో వేయండి. చిల్లులలో పుల్ల పెట్టి మట్టి తీయండి. దాగిన తడికి ఎండ చూపిస్తే, ఆ నేల మీద మీ మనవలు కూడా కాళ్ళు చాపుకొని కూర్చుంటారు.