సీమాభూమి – ఛాయాచిత్రము: పలనాటి వలసల చరిత్రకు ఒక ఆధారము

చరిత్రకు ఆధారము లనగనే శాసనములు, కైఫీయతులు, కావ్యములు మనకు స్ఫురించును. భూదృశ్యమును చూపు ఛాయాచిత్రమును ఆ వరుసలో చేర్చుటకు మన పరిశోధకు లింకను సంకోచించుచున్నారు. అది అలంకారమే కాని సాక్ష్యము కాదను భావము ఇందులకు కారణము. ఈ భావము సరికాదనియు, ఎల్లప్రదేశముల చరిత్రకును జనుల వలసలకును అట్టి చిత్రము కొన్నిచోట్ల ఏకైక సాక్ష్యమనియు పలనాటి నుదాహరణముగా గొని నిరూపింప యత్నింతుము.

పలనాటికి ఉత్తరమున ప్రవహించు కృష్ణ కేవలము నది కాదు, ఎల్ల. 19వ శతాబ్దమున ఆవలి గట్టు నైజాము రాజ్యము, ఈవలి గట్టు ఇంగ్లీషువారి పాలన. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణముతో రెండు గట్లును ఒకే రాష్ట్రమైనవి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడుటతో కృష్ణ మరల ఎల్ల యైనది. వాడపల్లి ఒక రాష్ట్రమునను, దాని కెదురుగా నున్న పొందుగల వేరొక రాష్ట్రమునను నున్నవి. ఎల్ల మారినను నీటికి రంగు మారదు. కావున ఒక్క చిత్రమును మాత్రమే చూచి ఎల్లను గుర్తింపజాలము. రేవు, వంతెన, తనిఖీ ఠాణా, గట్టున నిలిచిన బండ్లు – ఇవియే దాని గుర్తులు. వీనిని వేరువేరు సంవత్సరముల చిత్రములలో పోల్చి చూచినపుడే ఎల్ల కానవచ్చును.

ఈ భూమిపై వలసలు బహువిధములు. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని యగు విజయపురికి సింహళ భిక్షువులు వచ్చి నివసించిరి. ఉజ్జయిని రాజకన్య వీరపురుషదత్తుని రాణియై వచ్చెను. పలనాటి వీరగాథలో కోడిపోరున ఓడిన మలిదేవాదులు మాచెర్లను విడిచి ఏడేండ్లు వలస యుండిరి. 17వ శతాబ్దమున కొల్లూరు వజ్రపు గనులలో 60,000 మంది పనిచేయుచుండిరని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను. లంబాడీలు ఎద్దులపై ఉప్పును, ధాన్యమును మోసుకొని తీరమునకును దక్కనుకును నడుమ తిరిగిరి. వారి తండాలు నేటికిని కొండల అడుగున గలవు.

చివరిది నీటివలన గలిగిన వలస. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. విజయపురి లోయ మునిగినది. తరువాత పులిచింతల జలాశయము కొల్లూరు గనుల నేలను ముంచినది. అనగా పలనాటి చరిత్రలో రెండు ప్రధాన స్థలములు నేడు నీటి అడుగున నున్నవి. అచ్చటి నేల రూపమునకు మిగిలిన సాక్ష్యములలో ఛాయాచిత్రము ముఖ్యము.

అయితే ఆ చిత్రములు ఏమి చూపుచున్నవి? 1858లో లిన్నేయస్ ట్రైప్ అమరావతి శిల్పములను చిత్రించెను; కాని అవి అప్పటికే మద్రాసు చేరిన రాళ్లు. శిల్పము కలదు, నేల లేదు. నాగార్జునకొండను 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించిన పిదప, 1927–31 నడుమ లాంగ్‌హర్స్టును, 1954–60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యమును త్రవ్వకములు జరిపిరి. త్రవ్వకములనాటి చిత్రములు స్తూపము కొరకు, మండపము కొరకు తీయబడినవి. లోయలోని గ్రామము వానిలో అంచున మాత్రమే కానవచ్చును. పార పట్టిన కూలి కొలబద్దవలె నిలిచియుండును, పేరుండదు. ఊరు విడిచిపోయినవానికి ఆ అంచే ముఖ్యము.

మరియొక ప్రమాదమును గూడ గమనింపవలెను. మునుగనున్న కట్టడములలో కొన్నింటిని అనుపునకును, కొండమీదికిని తరలించి మరల నిలిపిరి. నేడు అనుపులో రంగస్థలమును చిత్రించినవాడు నిజమైన రాళ్లనే చిత్రించును. కాని దానివెనుక నున్న కొండలు మూలస్థలపు కొండలు కావు. నాడు లోయ నడుమ నిలిచిన నాగార్జునకొండ నేడు ద్వీపము. కావున చిత్రము సత్యమైనను దాని స్థలము అసత్యము కావచ్చును.

ఇందులకు పరిష్కారము పునశ్చిత్రణము. పాతచిత్రము తీసిన తావుననే నిలిచి, అదే ఋతువున, అదే వేళకు మరల తీయుట. ఆ తావును కనుగొనుటకు కదలని గుర్తు కావలెను. నరసరావుపేట పరిసరములలో కోటప్పకొండ అట్టిది. దాని మూడు శిఖరముల నడుమ ఎడము చూచువాని స్థానమును బట్టి మారును. పాతచిత్రములోని ఎడమును, ముందున్న చెట్టు లేక గుడి శిఖరముపై ఏ బిందువున కలియునో సరిచూచిన, కెమెరా నిలిచిన చోటు తెలియును. మునిగిన లోయల విషయమున చుట్టునున్న కొండల అంచురేఖలే ఆధారము. జలాశయపు మట్టము నెలనెలకు మారును గనుక తేదీ వ్రాయని చిత్రము సగము సాక్ష్యమే.

చిత్రము చెప్పజాలనిది నోటిమాట చెప్పును. పొలముల పేర్లు, బావుల పేర్లు, రేవుల పేర్లు చిత్రమున నుండవు. వానిని సేకరించుట తెలుగు శాఖల పని. పురాతత్త్వ శాఖది కాదు. పాతచిత్రమును వలసపోయినవారి చేతికిచ్చి "ఇది ఏ తావు?" అని యడిగి, వారు చెప్పిన మాటను వారి పలుకుబడిలోనే వ్రాసికొనవలెను. ఒకే చిత్రమును ఇద్దరు భిన్నముగా గుర్తించిన, ఆ భేదమును గూడ వ్రాయవలెను.

ఈ పనికి వ్యవధి స్వల్పము. 1955లో ఇరువదేండ్ల వయస్సుననున్నవారు నేడు తొంబదేండ్లకు చేరినవారు. చిత్రములు భద్రాలయములలో నిలుచును. వానిని చూచి "ఇది మా బావి" యనగలవారు నిలువరు. వారున్నంతలో మన పరిశోధక విద్యార్థులు ఆ గడపలకు పోవుదురని ఆశించుచున్నాము.