విశ్వవిద్యాలయ శాఖల వెబ్‌సైటులు: ఏకవాక్యత



పూర్వము మన గ్రామములందు పిల్లవానిని పైచదువునకు బంపవలెనన్న, ఆ చదువు చదివినవారి నెవరినో వెదకి యడుగుచుంటిమి. నేడు విశ్వవిద్యాలయములందలి శాఖలు తమ పాఠ్యవిషయములను, రుసుములను, ప్రవేశ నియమములను, దరఖాస్తు గడువులను వెబ్‌సైటునం దుంచుచున్నవి. చేతిలోని ఫోనునందే వానిని జదువవచ్చును. ఇట్టి సైటును గూర్చుట యెట్లు, కూర్చినదానిని గాపాడుట యెట్లు అనునదియే నేటి ప్రసంగము.

ఒక సంగతి మనవి చేసెదను. నా పూర్వశిష్యు డొకడు కుమారుని ఎం.ఏ. ప్రవేశమునకై యొక శాఖవారి పుటను జూచి, గడువింకను పదిదినము లున్నదని నిశ్చింతగా నుండెను. అదే సైటున వేరొక పుటలో గడువు ముగిసినట్లుండెను. రెండవదే నిజము. మొదటిది నిరుటి ప్రకటన. అందు దినమును మాసమును గలవు గాని సంవత్సరము లేదు. "మాస్టారూ, తప్పు నాదేనా అండీ?" అని యతడడిగిన నాకు నోట మాట రాలేదు. బాలున కొక సంవత్సరము పోయినది.

పలు వాక్యములు గూడి యొకే యర్థమును జెప్పుటను మీమాంసకులు ఏకవాక్యత యందురు. సైటునకు బ్రాణ మదియే.

దీనికి మొదట చదువరిని దలపవలెను. విద్యార్థి యేమడుగును, తండ్రి యేమడుగును అని వ్రాసికొని, ఆ ప్రశ్నల వరుసనే పుటల నేర్పరుపవలెను. అధికారుల హోదాల వరుసను గాదు.

రెండవది ముఖ్యము. ఒక విషయము నొకచోటనే వ్రాయవలెను. గడువును నాలుగు పుటలందు వ్రాసినచో, మార్చునపుడు మూటిని మార్చి యొకదానిని మరతురు. ఒక పుటయందు వ్రాసి, తక్కినవానినుండి దానికి దారి చూపుటయే మేలు. ఆ దారినే లింకు అందురు. 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ వెబ్బును ప్రతిపాదించినదియు, అచ్చటి సమాచారము చెదరి నశింపకుండ నిట్లు ముడివేయుటకే.

మూడవది రూపము. పుటలన్నియు నొకే మూసలో నుండవలెను. తెలుగును బొమ్మగా నతికింపక, యూనికోడు అక్షరములతో వ్రాసినచో, అంధులకు యంత్రము చదివి వినిపింపగలదు, వెదకువారికిని దొరకును.

నాల్గవది చిరునామా. దానిని మార్పరాదు, మార్చినచో బాతదానినుండి క్రొత్తదానికి దారి మళ్ళింపవలెను. బెర్నర్స్-లీ 1998లో నొక వ్యాసమున దీనినే నొక్కి చెప్పెను.

ఇక గాపాడుట. కట్టుటకంటె నిది కష్టము. ప్రతి పుటకు నొక బాధ్యుడుండవలెను. ఆ బాధ్యత వ్యక్తికి గాక పదవికి జెందవలెను. సైటు కట్టిన విద్యార్థి పట్టా పుచ్చుకొని పోవునపుడు, దాని సంకేతపదము వానితోనే పోవుట కలదు. సరిచూచిన తేదీని సంవత్సరముతో బుట యడుగున వేయవలెను. గడువు తీరిన ప్రకటనలను వెంటనే పాతవానిలో జేర్చవలెను.

మనకును గర్తవ్యము కలదు. సంవత్సరము లేని గడువును నమ్మరాదు. రెండు పుటలు రెండు విధముల జెప్పినచో, శాఖా కార్యాలయమునకు ఫోను చేసి యడిగి, తప్పును వారికి దెలుపవలెను. నిరుటి పంచాంగము గోడనున్నచో నేకాదశి తప్పును. నిరుటి ప్రకటన పుటనున్నచో నొక బిడ్డ చదువు తప్పును.