హార్బరులో వదిలేస్తే బతికేస్తుందా?

విశాఖ ఫిషింగ్ హార్బరులో చేపల వేలం జరిగే చోట అప్పుడప్పుడూ పొడుగు బొచ్చు పిల్లులు కనిపిస్తుంటాయి. బొచ్చు ఉండలు కట్టి, కళ్ల నుంచి పుసులు కారుతూ, వలల గుట్టల పక్కన నక్కి ఉంటాయి. అవి రేవులో పుట్టినవి కావు. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఏ అపార్టుమెంటులోనో సోఫా మీద పెరిగినవి. వాటిని అక్కడికి చేర్చింది ఒక్క మాట: "ఇంట్లో ఉచ్చ పోయడం మరిగిన పిల్లి ఇక మారదు. పగబట్టి పోస్తుంది. హార్బరులో వదిలేయండి, చేపలు తిని హాయిగా బతికేస్తుంది."

ఈ మాట లిఫ్టులో చెప్పుకుంటారు, వాట్సాప్ గ్రూపుల్లో పంపుకుంటారు. చెప్పేవాళ్లు ఏదో పుణ్యకార్యం చేయిస్తున్నట్టే చెబుతారు. ఇందులో ఉన్నవి మూడు సంగతులు. మూడూ అబద్ధాలే.

మొదటిది పగ. పిల్లికి భయముంటుంది, బెంగ ఉంటుంది, చిరాకు కూడా ఉంటుంది. పొద్దున్న తిట్టినందుకు సాయంత్రం మీ పరుపు మీద పోసి కసి తీర్చుకుందామన్న ఆలోచన మాత్రం ఉండదు. తోక నిటారుగా లేపి, ఆ తోక వణుకుతుండగా గోడ మీదికో కర్టెన్ మీదికో కాస్త చిమ్మితే అది తన హద్దు చెప్పుకోవడం. ఎండాడ దగ్గర జూపార్కులో పులి కూడా చెట్టు మొదలుకు వీపు తిప్పి ఇదే పని చేస్తుంది. ఆ చెట్టు మీద పులికి పగేముంటుంది? ఇక గొంతుక్కూర్చుని నేల మీదో పరుపు మీదో ఎక్కువగా పోస్తే అది వేరే సంగతి. ఉచ్చకు పెట్టిన ఇసుక ట్రే నచ్చకపోవడమో, ఒంట్లో బాగోకపోవడమో దానికి కారణం. ఈ రెండింటినీ కలిపేసి "పొగరు" అని ఒకే పేరు పెట్టేయడం వల్లే అసలు జబ్బు కళ్లెదుట ఉన్నా కనిపించడం లేదు.

ఆ జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మూత్రాశయం వాచిన పిల్లికి పోసిన ప్రతిసారీ మంట పుడుతుంది. ఆ మంట ట్రే వల్లే వస్తోందని అది అనుకుంటుంది. ట్రే మానేసి చల్లటి గ్రానైటు నేల, సింకు, మెత్తటి పరుపు వెతుక్కుంటుంది. ఇంట్లోవాళ్లకు అది పొగరుగా కనిపిస్తుంది. మగ పిల్లుల్లో ఇది ఇంకా ప్రమాదం. వాటి మూత్రనాళం చాలా సన్నం. ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే చుక్క కూడా బయటికి రాదు. అప్పుడది మూలమూలకీ వెళ్లి కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, మూత్రం వచ్చే చోటే నాక్కుంటుంది. లోపల మూత్రపిండాలు పని మానేస్తాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ స్థితిలో ఉన్న పిల్లిని గోనెసంచిలో వేసి రేవులో దింపి వచ్చినవాళ్లు, అది ఎక్కడో చేపలు తింటూ ఉంటుందని నమ్ముతారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అదే పిల్లిని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే గొట్టం వేసి మూత్రం తీసేవారు, చాలావరకు బతికేది.

కాబట్టి మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ ఏమీ రాక లేచిపోతుంటే రేపటిదాకా చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రయినా డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇక హార్బరులో బతుకు. అక్కడ చేప ఉంది, నిజమే. ఆ చేపకు యజమాని కూడా ఉన్నాడు. రాలిపడిన వాటికి కాకులు, కుక్కలు, అక్కడే పుట్టి పెరిగిన గండుపిల్లులు పోటీ. పిల్లులకు హద్దులు ముఖ్యం. కొత్తగా వచ్చినదాన్ని పాతవి తరిమి తరిమి కొడతాయి. చప్పిడి ముఖం పర్షియన్ పిల్లికి పరిగెడితే ఊపిరే సరిగా ఆడదు. దువ్వెన పట్టేవాళ్లు లేకపోతే బొచ్చు అట్టకట్టి కింద చర్మం పుండవుతుంది. పైగా అది మనుషులు కష్టం చేసుకునే రేవు. డీజిల్, ఐసు లారీలు, ఇనప తాళ్లు ఉన్న చోటు. 2023 నవంబరు 19 రాత్రి ఆ రేవులోనే దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. గిన్నెలో పెట్టింది తిని పెరిగిన జంతువు తలదాచుకోవలసిన చోటు కాదది.

ఇది నేరం కూడా. తిండీ నీళ్లూ దొరక్క బాధపడే స్థితిలో జంతువును వదిలేయడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ నేరంగా చెబుతోంది. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ శిక్ష చూసి ఎవరూ భయపడరు. అందుకే ఈ పుకారును మాటతోనే ఆపాలి.

"ఇక మారదు" అన్నది మూడో అబద్ధం. మారకుండా చేస్తున్నది చాలా ఇళ్లలో ఫినాయిలే. పిల్లి పోసిన చోట ఫినాయిలు, ట్రే కడగడానికీ ఫినాయిలే. ఫినాలు జాతి పదార్థాలను మార్చి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. మనిషికి జ్వరం తగ్గించే పారాసెటమాల్ బిళ్ల ఒక్కటే పిల్లిని చంపేయగలగడానికీ కారణం ఇదే. ఫినాయిలు తడి మీద నడిచిన పాదాలను అది నాక్కుంటుంది, విషం నేరుగా లోపలికి పోతుంది. అంత ఘాటు కొట్టే ట్రేలోకి అది మళ్లీ ఎందుకు వెళ్తుంది? బ్లీచింగ్ పౌడరు ఇంకా చెడ్డది. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులను మండించే వాయువు పుడుతుంది. అది మీకూ ప్రమాదమే.

వాసన పోకపోవడానికి కారణం వేరే ఉంది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగవాటిలో మరీ ఎక్కువ. అది విరిగేకొద్దీ ఘాటు పెరుగుతుంది. యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు నీళ్లకు తేలిగ్గా కరగవు. గాలిలో చెమ్మ తగలగానే మళ్లీ కంపు లేస్తుంది. సముద్రపు గాలి ఆడే మన ఊళ్లో ఆగస్టులో ఆ గోడ ఎలా ఉంటుందో పిల్లి ఉన్న ఇంటివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ వాసన మిగిలినంత కాలం పిల్లికి అదే మరుగుదొడ్డి. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైము ద్రావణం వాడండి. లేదా ఎంజైములున్న బట్టల పొడి కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడవండి. ద్రావణాన్ని పోసి వెంటనే తుడిచేయకుండా నానబెట్టి దానంతటదే ఆరనివ్వాలి. నకిలీ నోట్లు పట్టే అతినీలలోహిత టార్చి చీకట్లో వేస్తే మీకు తెలియని మరకలూ బయటపడతాయి.

ఆపరేషన్ చేయిస్తే మర్నాటికే ఆగిపోతుందన్న మాట కూడా తిరుగుతోంది. మర్నాటికి ఆగదు. దాని ఫలితం పూర్తిగా కనిపించడానికి వారాలు పట్టవచ్చు. చిమ్మే మగపిల్లుల్లో పదింట దాదాపు తొమ్మిది మాత్రం ఆ తర్వాత మానేస్తాయి. అలవాటు ముదరకముందే, ఐదారు నెలల వయసులో చేయించడం మేలు.

"కొత్త వస్తువు ఇంట్లోకొస్తే పిల్లికి దిష్టి తగిలి పోస్తుంది" అని ముసలివాళ్లు అంటే నాకు ఒప్పుకోవాలని ఉండదు. కానీ వాళ్లు చూసింది నిజమే. దిష్టి లేదు, కారణం ఉంది. కొత్త సోఫాకు ఇంటి వాసన ఉండదు, ఊరి నుంచి వచ్చిన సూట్‌కేసుకు పరాయి వాసన ఉంటుంది. పిల్లి తన వాసన దాని మీద వేసుకుని నిశ్చింత పడాలనుకుంటుంది. ఉక్కునగరం క్వార్టర్సు ఖాళీ చేసి ఫ్లాటుకు మారిన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. ఎర్రనీళ్లు తిప్పనక్కర్లేదు. పిల్లి బుగ్గలు తుడిచిన మెత్తని గుడ్డతో ఆ వస్తువును రుద్దండి, ఇల్లు మారితే మొదటి వారం ఒక్క గదిలోనే ఉంచండి.

మిగతా పుకార్లకు ఒక్కో ముక్క చాలు. ఆడపిల్లి చిమ్మదన్నది తప్పు, ఆపరేషన్ అయిన ఆడవాటిలోనూ ఇరవైకొకటి చిమ్ముతుంది. పోసిన చోట ముక్కు రుద్దితే అది నేర్చుకునేది మీరంటే భయం మాత్రమే. పోసిన చోట పెట్టే నాఫ్తలీన్ ఉండలు దానికి విషం. గర్భిణి ఇంట్లో పిల్లి ఉండకూడదన్నది అతి. టాక్సోప్లాస్మా వచ్చేది మలం నుంచి, మూత్రం నుంచి కాదు. ట్రే వేరేవాళ్లు రోజూ శుభ్రం చేస్తే సరిపోతుంది.

ట్రేలు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. తలుపు మూసేసే బాత్రూములో పెట్టకండి. బీచి నుంచి తెచ్చిన ఉప్పు ఇసుక చెమ్మ పట్టి కంపు నిలుపుకుంటుంది, అది వద్దు. పొడి మేత ఒక్కటే కాకుండా తడి తిండి కూడా పెట్టండి, నీళ్లు ఎక్కువ తాగేలా చూడండి. ముసలి పిల్లికి అంచు తక్కువున్న ట్రే కావాలి. వీధి గండుపిల్లి వచ్చి కూర్చునే కిటికీకి కింది సగం కాగితం అంటించండి. వీటన్నిటికన్నా ముందు మూత్రపరీక్ష చేయించండి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే బెంగ తగ్గించే మందులున్నాయి, డాక్టరు రాసిస్తేనే వాడాలి.

నిజంగానే ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఇంకో ఇల్లు వెతకండి. ఇచ్చేటప్పుడు అది ఎక్కడ పోస్తుందో, ఏ వైద్యం చేయించారో దాచకుండా చెప్పండి. దాని ట్రేని, రోజూ పడుకునే దుప్పటినీ ఉతక్కుండా వెంట పంపండి.